రాగి, కోబాల్ట్, నికెల్ ఉన్న భూమిలో వాటా: కొనబోయి చూసొచ్చిన అనుభవం

తిరుపతిలో, చిత్తూరులో ఈ మధ్య ఒక భూమిని వాటాలు వేసి అమ్ముతున్నారు. కుప్పం వైపు, మొత్తం 14 ఎకరాల 60 సెంట్లు. వాటా పది లక్షలు. మామూలు చేనుగా చూస్తే ఆ రేటు ఎవరూ పెట్టరు. చుట్టుపక్కల రైతులు చెప్పినదానికి రెండున్నర రెట్లుంది. ఎక్కువ అడిగే ఆ డబ్బంతా నేల కింద ఉందని వాళ్లు చెప్పే రాగి, కోబాల్ట్, నికెల్ కోసమే. మా తమ్ముడు రెండు వాటాలు తీసుకుందామని 50 వేలు టోకెన్ కట్టేశాడు. కట్టాక నాకు చెప్పాడు.

వాడు ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి పోయినేడు రిటైరయ్యాడు. జీవితంలో ఒక్కసారిగా చేతికొచ్చిన పెద్ద మొత్తం అదొక్కటే. నేను కెమిస్ట్రీ లెక్చరర్‌గా పనిచేశాను. గనుల సంగతి నాకు తెలియదు గానీ, ఒక రాయిలో రాగి ఉందా, నికెల్ ఉందా అని తేల్చడం మటుకు ప్రతి ఏడూ పిల్లలకు చేయించిన పనే. అందుకే ఇంట్లో కూర్చుని "వద్దురా" అనకుండా "పద, చూసొద్దాం" అన్నాను. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మా కాలనీలోనే ఇంకో ఇద్దరు ఈ వాటాల గురించి అడుగుతున్నారు కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. అమ్మేవాళ్ల పేరు రాయను. బ్రోచర్ చేతికి వచ్చినవాళ్లకు ఏ భూమో తెలిసిపోతుంది.

ముందు చిత్తూరులో వాళ్ల ఆఫీసుకు వెళ్లాం. మంచిగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. గోడ పక్కన గాజు పెట్టెలో రాళ్లు సర్ది ఉన్నాయి. ఒకటి ఇత్తడిలా మెరుస్తున్న పసుపు రాయి. రెండు పచ్చటివి, వాటిలో ఒకటి ముదురు, ఒకటి లేత. ఇంకొకటి గులాబీ రంగు. అక్కడున్న పెద్దాయన వేలు పెట్టి చూపించాడు. "మేడమ్, ముదురు పచ్చ రాగి. లేత పచ్చ నికెల్. గులాబీ కోబాల్ట్. మూడూ ఒకే వీన్‌లో, ఒకే రాతి చారలో ఉన్నాయి."

ఆయన చెప్పిన రంగులు తప్పేమీ కాదు. రాగి ఖనిజం గాలికి, నీటికి తగిలితే పచ్చటి మాలకైట్ అవుతుంది. కోబాల్ట్, నికెల్ ఖనిజాలు ఆర్సెనిక్‌తో కలిసి ఉన్నచోట పైపైన పూత కడతాయి. కోబాల్ట్ పూత గులాబీ రంగులో, నికెల్ పూత లేత పచ్చగా ఉంటుంది. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో కోబాల్ట్ అనే పేరుతో ఒక ఊరే ఉంది. 1903లో రైలు మార్గం వేస్తుంటే అక్కడ వెండి బయటపడింది. ఆ వెండి చారల మీద ఈ గులాబీ పూతే కనబడేది. నికెల్ పేరు వెనక కూడా ఒక కథ ఉంది, ప్రతి ఏడూ క్లాసులో చెప్పేదాన్ని. జర్మనీ గని కార్మికులు ఎర్రటి రాయి చూసి రాగి అనుకుని కరిగిస్తే రాగి రాలేదు. ఏదో దెయ్యం మోసం చేసిందని దానికి కుప్ఫర్‌నికెల్, అంటే రాగి దెయ్యం అని పేరు పెట్టారు. 1751లో స్వీడన్ శాస్త్రవేత్త క్రాన్‌స్టెడ్ అందులోంచి కొత్త లోహం తీసి ఆ పేరులో సగం దానికి ఉంచాడు. కోబాల్ట్ పేరు కూడా అలాంటి గని దెయ్యం పేరు నుంచే వచ్చింది. రంగు చూసి లోహం పేరు చెప్పేస్తే ఏమవుతుందో ఆ పేర్లలోనే ఉంది. పెద్దాయన చెబుతున్నంతసేపూ నాకు అదే గుర్తొచ్చింది.

ఆయన మాటల్లో నిజాలు చాలానే ఉన్నాయి, అక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. 2023లో కేంద్రం 30 కీలక ఖనిజాల జాబితా ఇచ్చిందన్నాడు. నిజమే, అందులో రాగి, కోబాల్ట్, నికెల్ మూడూ ఉన్నాయి. కార్ల బ్యాటరీల్లో కోబాల్ట్, నికెల్ వాడతారన్నాడు. కొన్ని రకాల్లో వాడతారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల్లో ఆ రెండూ ఉండవు, ఆ సంగతి చెప్పలేదు. "కోలార్ బంగారం పక్కనే మేడమ్ మన భూమి" అన్నాడు. కోలార్ రాతి పట్టీ చిత్తూరు జిల్లాలోకి వచ్చిన మాట వాస్తవం. గుడుపల్లె వైపు చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులు భారత్ గోల్డ్ మైన్స్ నడిపింది, 2001లో మూతపడ్డాయి. అంతమాత్రాన ఆ చుట్టూ ఉన్న ప్రతి చేనులోనూ ఖనిజం ఉండాలని లేదు కదా.

గాజు పెట్టె కింద ట్రేలో అవే రాళ్ల చిన్న ముక్కలు ఉంటే, ఒక్కోటి అడిగాను. కాదనకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. భూమి మీద రాయి కొట్టించుకోవడానికి కూడా ఒప్పుకున్నారు. ఇది వాళ్ల పక్షాన చెప్పాల్సిన మాట.

భూమి దగ్గరికి వెళ్లేటప్పుడు మా పాత విద్యార్థి ఒకబ్బాయిని తోడు తీసుకెళ్లాను. ఇంటర్ నా దగ్గరే చదివాడు, తర్వాత ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ ఎమ్మెస్సీ చేశాడు. ఇప్పుడు జార్ఖండ్‌లో డ్రిల్లింగ్ పనుల్లో ఉన్నాడు. సెలవు మీద వచ్చినవాడు నా కోసం రెండు రోజులు కేటాయించాడు. పెట్రోల్ డబ్బులు తప్ప ఏమీ తీసుకోలేదు.

భూమి చూడటానికి బాగుంది. కింద వేరుశనగ వేసి తీసిన చేను, ఒక పక్క పాత తోతాపురి చెట్లు, పైన గుట్ట. గుట్ట మీద నల్లరాయి గుండ్లు ఒక వరుసలో, ఎవరో పేర్చినట్టు తూర్పు పడమరలుగా సాగుతాయి. మన జిల్లాలో ఇలాంటి వరుసలు చాలాచోట్ల కనబడతాయి. డాలరైట్ డైక్ అంటారని మా విద్యార్థి చెప్పాడు. కోట్ల ఏళ్ల కిందట గ్రానైట్ పగుళ్లలోకి లోపలి నుంచి కరిగిన రాయి దూరి గడ్డకట్టిందట. పాలిష్ పట్టి బ్లాక్ గ్రానైట్ అని అమ్మేది చాలావరకు ఈ జాతి రాయే.

ఆ నల్లరాయి అంచున తెల్ల పలుగురాయి చార ఉంది. జాన మందం. దాని మీద అక్కడక్కడా పచ్చటి మరకలు, అరచేతి వెడల్పున కొన్ని, గోరంత కొన్ని. నిజం చెప్పాలంటే ఆ పచ్చదనం చూడగానే నా గుండె కూడా కొట్టుకుంది. తమ్ముడైతే నా చెయ్యి పట్టుకుని "చూశావా అక్కా" అన్నాడు. వాడి మొహం చూసి నేనేమీ అనలేకపోయాను.

మావాడు సంచిలోంచి టేపు తీశాడు. "మేడమ్, పచ్చగా ఉన్న ముక్క ఏరుకోవద్దు. వాళ్లు చేసింది అదే అయ్యుంటుంది. చారకు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే లోతున గాడి కొట్టించాలి. పచ్చ ఉన్నా లేకపోయినా ఆ గాడిలో వచ్చిన ముక్కలన్నీ సంచిలో పడాలి." ఊళ్లో రాళ్లు కొట్టే అతన్ని పిలిచాం. నాలుగు వేళ్ల వెడల్పు, రెండు వేళ్ల లోతు, ఉలితో కొడుతుంటే తమ్ముడు కింద గోనెపట్ట పట్టుకున్నాడు. పది మీటర్లకు ఒకటి చొప్పున ఆరు చోట్ల కొట్టాం. అరవై మీటర్లు దాటాక చార బెత్తెడయింది, ఆ తర్వాత వేలెడు, ఆ తర్వాత మట్టిలో కలిసిపోయింది. బ్రోచర్‌లో మటుకు అర కిలోమీటరు పొడవునా ఎర్ర గీత గీసి ఉంది.

"నాలుగు బోర్లు వేసి చూశాం" అని కూడా రాశారు బ్రోచర్‌లో. ఆ బోర్లు చూపించమన్నాను. వాళ్ల తరఫున వెంట వచ్చిన కుర్రాడు చేనులోకి తీసుకెళ్లి చూపించాడు. ఆరున్నర అంగుళాల కేసింగ్ పైపులు, ఒకదానికి మోటారు బిగించి ఉంది. అవి నీళ్ల బోర్లు. ఖనిజం కోసం వేసే డ్రిల్లింగ్‌లో వజ్రపు పళ్లున్న బిట్‌తో రాతిని కడ్డీలా కోసి బయటికి తీస్తారు, దాన్నే కోర్ అంటారు. ఆ కడ్డీలను అరలున్న పొడవాటి పెట్టెల్లో మీటరు మీటరుకు గుర్తు పెట్టి దాస్తారు. ఎంత లోతున ఏముందో ఎవరైనా వచ్చి కళ్లతో చూసుకోవచ్చు. నీళ్ల బోరులో వచ్చేది దుమ్ము, అదీ గాలికి పోతుంది. కోర్ పెట్టెలు ఉన్నాయా అని మావాడు అడిగితే, ఆ కుర్రాడికి ఆ మాటే కొత్త. పాపం అతను జీతానికి వచ్చినవాడు, అతన్ని అని లాభం లేదు.

ఇంటికొచ్చాక ఆఫీసువాళ్లు ఇచ్చిన ముక్కలు పట్టుకుని మా పాత కాలేజీ ల్యాబ్‌కు అడిగి వెళ్లాను.

ముదురు పచ్చ రాయి పొడి చేసి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే బుసబుసా నురగ వచ్చింది, ద్రావణం పచ్చగా అయింది. అందులో కొత్త ఇనుప మేకు ముంచి పది నిమిషాలు ఉంచాను. తీస్తే మునిగినంత మేరా ఎర్రగా రాగి పూత. తమ్ముడు ఆ మేకును వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. రాగి నిజంగా ఉంది, అందులో అబద్ధం లేదు.

తర్వాత నికెల్ అన్న లేత పచ్చ రాయి. అదీ అలాగే నురగ కట్టింది, అందులోనూ మేకుకు రాగి పట్టింది. సరే, రాగితో పాటు నికెల్ కూడా ఉందేమోనని, కొత్తగా ద్రావణం తీసి అందులోంచి రాగిని వేరు చేసి, మిగిలినదానిలో అమోనియా కలిపి డైమిథైల్ గ్లైఆక్సిమ్ వేశాను. నికెల్ ఉంటే గులాబీ ఎరుపు అవక్షేపం వెంటనే రావాలి. పక్కన పరీక్షనాళికలో ల్యాబ్‌లో ఉన్న నికెల్ లవణంతో వేసి చూపించాను, కుంకుమ కలిపినట్టు ఎర్రబడింది. మా రాయిది తేటగా అలాగే ఉండిపోయింది. వాళ్ల పెట్టెలోని నికెల్ రాయి కూడా మాలకైటే, కాస్త వెలిసిన రంగు, అంతే.

గులాబీ రాయికి ఇంత కష్టం కూడా పడక్కర్లేదు. కోబాల్ట్ పూత చాలా మెత్తన, గోటికి గీసుకుపోతుంది. ఈ రాయి మీద కత్తి మొనతో గట్టిగా లాగినా గీత పడలేదు. ఆమ్లంలో కరగలేదు. అయినా తమ్ముడి ఎదురుగా వెలిగారం పూస పరీక్ష చేశాను. ప్లాటినం తీగ కొసకు చిన్న వలయం చేసి, ఎర్రగా కాల్చి, వెలిగారంలో అద్ది, మళ్లీ మంటలో పెడితే గాజుపూసలా కరుగుతుంది. దానికి రాతి పొడి రవ్వంత అంటించి మళ్లీ కాల్చాలి. కోబాల్ట్ కొంచెం ఉన్నా పూస ముదురు నీలం అవుతుంది, నీలిమందు వేసినట్టు. మా పూస ఏ రంగూ లేకుండా నీటి చుక్కలాగే ఉండిపోయింది. అది గ్రానైట్‌లో ఉండే గులాబీ ఫెల్డ్‌స్పార్. తిరుపతి చుట్టూ ఏ గుట్ట ఎక్కినా కాళ్ల కింద దొరుకుతుంది.

ఈ పరీక్షలు ఉందో లేదో చెబుతాయి గానీ ఎంత ఉందో చెప్పవు. దానికి గాడి కొట్టిన ఆరు సంచులనూ హైదరాబాద్‌లో గుర్తింపు ఉన్న ఒక ల్యాబ్‌కు పంపాం. వాటితో పాటు ఇంకో మూడు పెట్టాను. నాలుగో సంచిని రెండుగా పంచి రెండో సగానికి వేరే నంబరు వేశాను, ల్యాబ్ లెక్క నిలకడగా ఉందో లేదో చూద్దామని. డైక్ నల్లరాయి ఒక సంచి. మూడోది మా ఇంట్లోదే. వంటగది గట్టుకు బ్లాక్ గ్రానైట్ వేయించినప్పుడు మిగిలిన ముక్క పెరట్లో బట్టలుతికే చోట పడి ఉంది. దాన్ని కడిగి, పగలగొట్టి, తొమ్మిదో సంచిలో వేశాను. అదెందుకు మేడమ్ అని మావాడు అడిగాడు. "పోల్చుకోవడానికి మామూలు రాయి ఒకటి ఉండాలి కదా నాయనా" అన్నాను.

ఆ ల్యాబ్ సేవ గురించి మనస్ఫూర్తిగా మంచి మాట చెప్పాలి. ఒక్కో శాంపిల్‌కు 2,400 రూపాయలు. సంచులు అందిన రోజే ఫోన్ చేసి నంబర్లు చదివి సరిచూసుకున్నారు. ఏ మూలకాలు కావాలి, ఏ పద్ధతిలో చేస్తారు అన్నది ముందే వివరించారు. పదహారో రోజున రిపోర్టు వచ్చింది. ఒకటే శాంపిల్‌ను రెండు పేర్లతో పంపితే రాగి ఒకదానిలో 0.42, ఇంకోదానిలో 0.41 శాతం వచ్చింది. ఇంతకంటే నమ్మకం ఏం కావాలి.

ఆరు గాడుల్లో రాగి అన్నిటికంటే ఎక్కువ 0.61 శాతం, తక్కువ 0.11. సగటు 0.38. అంటే టన్ను రాతికి మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. వాళ్ల బ్రోచర్‌లో 6.2 శాతం అని ఉంది. మన దేశంలో తవ్వుతున్న రాగి ఖనిజంలో ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది, మలాజ్‌ఖండ్, ఖేత్రీ లాంటి పెద్ద గనుల్లో కూడా. "అయితే మనది సగానికి దగ్గర్లో ఉంది కదా" అన్నాడు తమ్ముడు ఆశగా. దానికి మావాడు చెప్పిన జవాబు నాకు బాగా అర్థమైంది. చార మందం జానెడు. జానెడు సందులో మనిషి దూరి తవ్వలేడు, మిషన్ అసలు దూరదు. ఎంత తక్కువనుకున్నా మీటరు వెడల్పు తవ్వాలి. పక్కనున్న వట్టి రాయి అంతా దాంట్లో కలుస్తుంది. అప్పుడు టన్నుకు కిలో రాగి కూడా రాదు. అదీ అరవై మీటర్ల పొడవుకే, లోతు ఎంతో ఎవరూ చూడలేదు.

మరి వాళ్ల 6.2 ఎక్కడిది? వాళ్ల రిపోర్టు నకలు అడిగి తీసుకున్నాం. అదీ నిజమైన ల్యాబ్ రిపోర్టే. అడుగున సన్నటి అక్షరాల్లో, శాంపిల్ పార్టీ తెచ్చి ఇచ్చింది, మేము సేకరించలేదు, ఈ ఫలితం ఈ శాంపిల్‌కు మాత్రమే వర్తిస్తుంది అని ఇంగ్లిష్‌లో ఉంది. అరచేతిలో పట్టేంత పచ్చటి ముక్క ఏరి ఇస్తే ల్యాబ్ ఏం చేస్తుంది, ఆ ముక్కలో ఉన్నది చెబుతుంది. ఈ రకం రిపోర్టు మీ చేతికి ఎప్పుడైనా వస్తే ముందు ఆ చివరి లైను చదవండి.

నాకు బాగా కోపం తెప్పించింది నికెల్, కోబాల్ట్ అంకెలు. బ్రోచర్‌లో "నికెల్ 112, కోబాల్ట్ 46" అని పెద్దక్షరాల్లో వేశారు. పక్కన యూనిట్ లేదు. రాగికి శాతం గుర్తు ఉంది, వీటికి ఏమీ లేదు. తమ్ముడు 112 అంటే టన్నుకు 112 కిలోలు అనుకున్నాడు. వాడి డైరీలో ఆ లెక్క ప్రకారం గుణించి కోట్లలో రాసుకున్న పేజీ నేను చూశాను. అసలు రిపోర్టులో ఆ అంకె పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. టన్నుకు 112 గ్రాములు. పది వేల పీపీఎం కలిస్తే ఒక శాతం. 112 అంటే ఒక శాతంలో వందో వంతుకు కాస్త పైన.

ఇక మా తొమ్మిది సంచుల రిపోర్టు. డైక్ నల్లరాయిలో నికెల్ 108, కోబాల్ట్ 47. మా వంటగది గట్టు ముక్కలో నికెల్ 104, కోబాల్ట్ 49.

ఆ కాగితం తమ్ముడి ముందు పెట్టి రెండు వరుసల కింద గీత గీశాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. లేచి వంటగదిలోకి వెళ్లి గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఈ జాతి నల్లరాయి ఎక్కడ తీసినా నికెల్ వంద ప్రాంతంలో, కోబాల్ట్ యాభై ప్రాంతంలో ఉండటం మామూలేనట. అదీ రాతి గింజల్లో ఇమిడిపోయి ఉంటుంది, విడిగా ఖనిజంగా ఉండదు. పది లక్షలు పెట్టి ఒక వాటా కొంటే దక్కే కోబాల్ట్ మా వంటగది గట్టులో ఉన్నపాటిదే. మా అమ్మ ఇప్పటికీ ఆ గట్టు మీదే చింతపండు పిసుకుతుంది.

ఒకవేళ నేల కింద మంచి ఖనిజమే ఉందనుకుందాం. అప్పుడు కూడా ఈ వాటా కొన్నవాళ్లకు తవ్వే హక్కు రాదు. ఇది చాలామందికి తెలియడం లేదు, మా తమ్ముడికీ తెలియదు. "కెనడాలో జనం ఇలాంటివి ఆన్‌లైన్‌లోనే అమ్ముకుంటారట అక్కా" అన్నాడు. అదీ నిజమే. అక్కడ బ్రిటిష్ కొలంబియాలో, ఒంటారియోలో మైనింగ్ క్లెయిమ్ అని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకుంటారు. అది ఖనిజాన్ని వెతికే హక్కు, నేల మీద హక్కు కాదు. ఆ హక్కు నిలవాలంటే ఏటా ఇంత పని చేశామని చూపించాలి. దాన్ని ఒకరి నుంచి ఇంకొకరు కొనుక్కోవచ్చు. కొన్నవాడికి వెతికే హక్కు వస్తుంది. ఇక్కడ మనకు అమ్ముతున్నది దానికి పూర్తిగా తలకిందులు. నేల ఇస్తారు, వెతికే హక్కు ఇవ్వరు, ఎందుకంటే అది వాళ్ల దగ్గరే లేదు.

మన దేశంలో 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ఉంది. 2015 సవరణ తర్వాత ఇలాంటి ఖనిజాలకు లైసెన్సులు, లీజులు ప్రైవేటువాళ్లకు వేలంలోనే దక్కుతాయి. 2023 సవరణతో కోబాల్ట్, నికెల్ సహా 24 రకాల ఖనిజాల వేలం కేంద్రం చేతిలోకి వెళ్లింది. అనుమతి లేకుండా తవ్వితే ఐదేళ్ల దాకా జైలు, హెక్టారుకు ఐదు లక్షల దాకా జరిమానా. చిగురుగుంట, బిసానత్తం లాంటి పేరున్న బంగారు గనులు కూడా వేలంలోనే వెళ్లాయి, కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీకి దక్కాయి. రేపు ఈ భూమి వేలం వేసే ఏదైనా గని బ్లాకులోకి వస్తే నేల యజమానిగా మనకు వచ్చేది నష్టపరిహారం.

పెద్దాయన దీనికి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చూపించాడు. కేరళ భూముల కేసులో 2013లో వచ్చింది. చట్టప్రకారం తీసేసి ఉంటే తప్ప అడుగునున్న ఖనిజం కూడా భూమి యజమానిదే అని అందులో ఉంది. తీర్పు నిజమే, నేను తెలిసిన లాయరు దగ్గర చూపించుకున్నాను. ఖనిజం ఎవరిది అన్నది ఒక ప్రశ్న, తవ్వడానికి ఎవరికి అనుమతి ఉంది అన్నది ఇంకో ప్రశ్న అని ఆయన విడదీసి చెప్పారు. ఆ తీర్పు చేతిలో ఉన్నా లీజు లేకుండా పలుగు వేయడానికి లేదు. పెద్దాయన మొదటి సగం చదివి వినిపించాడు.

చివరికి భూమి కాగితాలు. 14 ఎకరాల 60 సెంట్లలో నాలుగున్నర ఎకరాలు డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి, రిజిస్ట్రేషన్‌కు పోతే 22ఏ అనే నిషేధిత భూముల జాబితాలో ఆగిపోయేదే. అది ఎవరైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే తెలిసేదే కాబట్టి పెద్దగా చెప్పను. సర్వేయరును పెట్టి ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే కొలతల పుస్తకం ప్రకారం హద్దులు కొలిపించాం. ఆయన గొలుసు లాగుతూ లాగుతూ గుట్ట మొదట్లో ఆగి, ఇక్కడితో అయిపోయింది అన్నాడు. మేం గాడులు కొట్టిన పలుగురాయి చార దానికి ఇంకా నలభై అడుగుల పైన ఉంది. అది గుట్ట పోరంబోకు, ప్రభుత్వ భూమి. అమ్ముతున్న సర్వే నంబర్లలో ఒక్కదానిలోనూ ఆ పచ్చ మరక లేదు. నాకు ఇరవై లక్షల భయం ఆ నిమిషంలో పూర్తిగా దిగిపోయింది, తమ్ముడికీ అంతే. అప్పటిదాకా వాడి మనసులో ఏదో మూల ఆశ ఉండింది.

కాబట్టి రాగి, కోబాల్ట్, నికెల్ భూమిగా దీనికి నేను ఐదుకు ఒక్క స్టార్ కూడా ఇవ్వలేను. వట్టి చేనుగా చూస్తే పట్టా ఉన్న పదెకరాలు మంచి నేల. నీళ్లున్నాయి, తారు రోడ్డు దగ్గర్లో ఉంది, మామిడి చెట్లు ఇంకా కాపు మీద ఉన్నాయి. ఆ ఊరి రేటుకు ఇస్తే ఎవరైనా తీసుకోవచ్చు. ఆ మాట పెద్దాయనతో కూడా చెప్పాను. అలా అమ్మే ఉద్దేశం లేదన్నాడు.

ఖర్చు చెప్పాలంటే, తొమ్మిది శాంపిళ్లకు 21,600, సర్వేయరుకు ఆరు వేలు, రాళ్లు కొట్టిన అతనికి పన్నెండు వందలు, కారు, భోజనాలు కలిపి ముప్పై మూడు వేలు దాటలేదు. మీరు వాటా కొనాలనుకుంటే నలుగురు కలిసి ఈ ఖర్చు పంచుకోండి. శాంపిల్ మీ చేత్తో మీరే తీయించుకోండి, సంచికి ముడి మీరే వేయండి, సర్వేయరును రాయి కొట్టే రోజుకు ముందే పిలవండి. నేను ఆయన్ని చివర్లో పిలిచాను. ముందే పిలిచి ఉంటే ల్యాబ్ దాకా వెళ్లే పనే ఉండేది కాదు.

టోకెన్ సంగతి. 50 వేలు తిరిగి ఇస్తామని మొదటి రోజే నోటి మాటగా చెప్పారు. రసీదులో ఆ మాట లేదు. నాలుగుసార్లు తిరిగాక 30 వేలు ఇచ్చారు. మిగతా 20 వేలకు వచ్చే శుక్రవారం రమ్మన్నారు. ఈసారి తమ్ముడితో పాటు నేనూ వెళ్తున్నాను, ల్యాబ్ రిపోర్టు, సర్వే స్కెచ్ రెండూ పట్టుకుని. ఇచ్చారో లేదో దీని కిందే రాస్తాను.